వెనక్కి వెళ్ళి చూడని రోజు

సముద్రం ఒడ్డు ఊరు, చేపల రేవు పక్కన
మే 4

చెల్లీ,

నువ్వు ఎలా ఉన్నావు? చెవి పోటు తగ్గిందా? చుక్కల మందు సీసాకి మూత గట్టిగా పెడుతున్నావా? మరిది మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమన్నానని చెప్పు. అబ్బాయి దగ్గు పోయిందా? కోడలికి ఇప్పుడు ఏడో నెల కదా, కాళ్ళు వాస్తున్నాయేమో చూస్తున్నావా? వేలితో నొక్కితే గుంట పడుతుంటే ఆలస్యం చెయ్యకు, డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళు. నీ కుట్టుమిషను ఎలా ఉంది? దానికీ ఒంట్లో బాగుండదు కదా అప్పుడప్పుడూ. అందరి సంగతీ విడివిడిగా రాయి. "అంతా బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు తిన్నది అరగదు.

ఫోను చేద్దామంటే నీకు సగం వినపడదు, మిగతా సగానికి నువ్వు వేరే జవాబు చెప్తావు. అందుకే కాగితం తీశాను. నాలుగో తరగతి చదువు, తప్పులుంటే నవ్వుకుని ఊరుకో.

మేం బయలుదేరి పదిహేను రోజులైంది. డిపోలో తుక్కు కింద తీసేసిన చిన్న బస్సుని మీ బావ ఏం చేశాడో నువ్వు చూడలేదుగా. సీట్లన్నీ పీకేసి మంచం వేశాడు, పొయ్యి పెట్టాడు, నీళ్ళ తొట్టి, కుళాయి, కడిగిన నీళ్ళు పోవడానికి కింద ఒక మురుగు తొట్టి. దీన్ని క్యారవాన్ అంటారట. నేను ఇల్లుబండి అంటున్నాను. "ముప్పై నాలుగేళ్ళు ఒకే రూట్లో తిరిగాను. చివరి స్టాపు వచ్చాక ఏ రోజూ కిందకి దిగి ఆ ఊరు చూడలేదు. ఇప్పుడు నాకు నచ్చిన చోట ఆపుతాను, నచ్చినన్ని రోజులు ఉంటాను" అంటాడు. ఇప్పటికి మూడు ఊళ్ళు చూశాం. మూడూ సముద్రం పక్కనే. ఆయన పొద్దున్నే కుర్చీ బయట వేసుకుని అలల చప్పుడు వింటూ కూర్చుంటాడు. నేను పొయ్యి కట్టేశానా, చక్రాల కింద చెక్కలు పెట్టానా, మురుగు తొట్టి మూత కారుతోందా అని బండి చుట్టూ తిరుగుతూ ఉంటాను.

దారిలో బోర్డులన్నీ నేనే చదువుతున్నాను. నీకు చదువు వంటబడుతోందే అని మీ బావ ఎగతాళి.

బండి వెనక్కి తీసే పని మాత్రం పాత పద్ధతే. నేను డిపోలో బస్సులు కడిగే రోజుల్లో కడిగే గట్టు మీదకి వెనక్కి ఎక్కించేవాళ్ళం గుర్తుందా, అలాగే. నేను పక్కన నిలబడి రేకు మీద రెండుసార్లు చరిస్తే రావాలి, ఒక్కసారి చరిస్తే ఆగాలి. ఆయన అద్దాలు చూడడు, నా చెయ్యి వింటాడు. నేను ముందు వెనక్కి వెళ్ళి, వంగి, చక్రాల మధ్య చూసుకుని, చుట్టూ తిరిగి వచ్చి గానీ చరవను. మొన్న పక్కబండి వాళ్ళ ముందు ఆయన ఏమన్నాడో తెలుసా? "మా ఆవిడ చీమల్ని కూడా ఒక్కొక్కటిగా లేపి పక్కన కూర్చోబెట్టాక గానీ బండి కదలనివ్వదు." అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాననుకో, కానీ మొహం మాడిపోయింది.

ఇక్కడి నుంచి మెల్లగా లోపలికి, అడవి వైపు. అక్కడ బళ్ళు ఆపుకునే బస ఒకటి ఉంది, చిరునామా వెనక రాశాను. అక్కడికి రాస్తే అందుతుంది.

అక్క

*

ఇల్లు
మే 15

అక్కా,

లెక్కప్రకారం రాస్తున్నాను, సరి చూసుకో. నా చెవి: పోటు లేదు, హోరు ఉంది. సీసాకి మూత ఉంది. మీ మరిది మోకాలు: గోడ పట్టుకోమంటే గోడకే నొప్పి వస్తుందన్నాడు. అబ్బాయి దగ్గు: పోయింది, ఇప్పుడు తుమ్ములు. కోడలి కాళ్ళు: నీ ఉత్తరం చదివాక రోజుకి నాలుగుసార్లు నొక్కి చూస్తున్నాను, ఆ పిల్ల నన్ను చూడగానే కాళ్ళు దుప్పట్లోకి లాక్కుంటోంది. మిషను: తాడు తెగింది, కొత్తది వేయించాను. చాలా?

అక్కా, నీకు ఇల్లు దొరికితే తాళం గురించి భయం, బండి దొరికితే మూత గురించి భయం. చిన్నప్పుడు బడికి బయలుదేరి మూడుసార్లు వెనక్కి వచ్చేదానివి, గడి పెట్టామా లేదా అని. నీ వల్ల ఆలస్యమై నేను ఎన్ని రోజులు తరగతి గుమ్మం బయట మోకాళ్ళ మీద నిలబడ్డానో నా మోకాళ్ళకి తెలుసు. అరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. సముద్రం పక్కన కూర్చుని సముద్రం చూడకుండా చక్రాల కింద చెక్కలు చూస్తున్నావంటే నిన్ను ఏమనాలి?

బావ ముప్పై నాలుగేళ్ళు జనాన్ని మోసినవాడు. ఆయనకి వెనక ఏముందో తెలీదా? అద్దాలు ఎందుకున్నాయి, తల దువ్వుకోడానికా? ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, వెనక్కి వెళ్ళి చూడకుండా చరిచేసి ఎక్కి కూర్చో. ఏమవుతుందో చూద్దాం. ఏమీ కాదు. నలుగురూ నవ్వరు కూడా.

అవునూ, బోర్డులు నువ్వెందుకు చదువుతున్నావు? బావ కళ్ళజోడు మార్చుకున్నాడా లేదా?

నీ చెల్లి

*

అడవిలో బళ్ళ బస
జూన్ 2

చెల్లీ,

అందరి సంగతీ తెలిసింది, కాస్త కుదుటపడ్డాను. కోడల్ని మరీ నొక్కకు. తుమ్ములు అలుసు చెయ్యకు.

మీ బావ కళ్ళకేం లేదు. బయలుదేరే ముందు లైసెన్సుకి కళ్ళ పరీక్ష పెట్టారు, పాసయ్యాడు. కాగితం డ్రాయర్లో ఉంది.

ఇక్కడ చెట్లు ఎంత పొడుగంటే తల ఎత్తితే మెడ నొప్పి. వారం రోజుల నుంచి తుంపర. ఇంత పచ్చదనం ఎప్పుడూ చూడలేదు, ఇంత నాచు కూడా. అడుగు తీసి అడుగు వేస్తే జారిపోతానేమోనని ప్రాణం బిక్కుబిక్కుమంటోంది.

ఇక్కడ ఒకామె పరిచయమైంది. నా ఈడుదే. బసలో గదులవాళ్ళ దుప్పట్లు ఉతుకుతుంది, అందరూ దుప్పట్లామె అంటారు. మొదటి రోజు తీగ మీద నా చీర ఆరేస్తుంటే వచ్చి పక్కకి జరిపి, "మీరేం చేసేవారు?" అంది. బస్సులు కడిగేదాన్నన్నాను. "అయితే మీరే నయం. బస్సుల్ని తీగ మీద ఆరెయ్యక్కర్లేదు" అంది. ఎన్నాళ్ళకి నవ్వానో అలా! ఆమెకీ నాలాగే అన్నీ భయాలే. తుంపర ఆగకపోతే భయం, ఎండ ఎక్కువైతే దుప్పట్లు పసుపెక్కుతాయని భయం. అన్నిటికన్నా కొడుకు గురించి. "మా వాడు ఎప్పుడూ తడిలోనే తిరుగుతాడమ్మా, నలభై ఏళ్ళు వచ్చాయి, చెప్పులు వేసుకోమంటే వినడు" అంటుంది.

కొడుకు ఇక్కడే కుళాయిలూ మురుగు గొట్టాలూ చూస్తాడు. పైపులాయన అని పిలుస్తారు. తల్లీకొడుకులకి సామాన్ల కొట్టు వెనక ఒక గది ఇచ్చారు. నెమ్మదైన మనిషి. మా కుళాయి బాగుచేశాడు. మురుగు తొట్టి మూత కారుతోందని నేను నాలుగుసార్లు చెప్పాను. విసుక్కోలేదు. "మీరు వెళ్ళేలోగా బిగిస్తానమ్మా, మాట" అన్నాడు. నిన్న మళ్ళీ అడిగితే నవ్వి, "మీరూ మా అమ్మా ఒక బడిలో చదివారా?" అన్నాడు.

రేపు పొద్దున నగరానికి బయలుదేరుతున్నాం. నువ్వు రాసింది మీ బావకి చదివి వినిపించాను. "మీ చెల్లెలికి ఉన్న బుద్ధి నీకేదీ" అన్నాడు. ఇద్దరూ ఒకటైపోయారు. చూద్దాంలే.

అక్క

*

నగరం
జూన్ 14

చెల్లీ,

మేం నగరంలో ఉన్నాం. బాగుంది. వీధులు వెడల్పు. బండి మరమ్మతులో ఉంది, అందుకని ఒక గది తీసుకున్నాం. కిటికీలోంచి ఒక పెద్ద భవనం కనిపిస్తుంది, ఎప్పుడూ దీపాలు వెలుగుతూ ఉంటాయి. మీ బావ బాగున్నాడు. నేను బాగున్నాను. మీరందరూ బాగున్నారని తలుస్తాను. కొన్ని రోజులు ఇక్కడే ఉంటాం. కింద చిరునామా ఉంది.

అక్క

*

ఇల్లు
జూన్ 22

అక్కా,

ఇది నీ ఉత్తరమేనా? చేతిరాత నీదే, తక్కినది ఎవరిదో. "మీరందరూ బాగున్నారని తలుస్తాను" ఏమిటి, బ్యాంకు వాళ్ళు రాసినట్టు? కోడలి కాళ్ళేవీ? నా చెవి ఏదీ? నువ్వు వీధులు వెడల్పని రాశావంటే, ఆ వీధి దాటడానికి ఎంత భయపడ్డావో కూడా రాయాలి. ఒక్క భయం లేదు ఉత్తరంలో. నువ్వు భయపడటం మానేశావంటే నాకు భయంగా ఉంది.

మీ మరిదికి చూపించాను. "వదినకి మంచి రోజులొచ్చాయి" అన్నాడు. ఎప్పుడూ దీపాలు వెలిగే భవనం ఏమిటక్కా? నాకు తెలిసి అలాంటిది ఆస్పత్రి ఒక్కటే. బావకేమైనా అయిందా? నీకా? ఏదైనా సరే రాయి. రాయకపోతే ఈ నిండు నెలల పిల్లని వదిలేసి బస్సెక్కుతాను.

నీ చెల్లి

*

నగరం, ఆస్పత్రి వెనక వీధి
జులై 1

చెల్లీ,

రాకు. పిల్లని వదిలి రాకు. రాస్తున్నాను. ముందు నీళ్ళు తాగి కూర్చో.

మీ బావకేం కాలేదు. నాకేం కాలేదు. పైపులాయన పోయాడు. మా బండి కింద పడి.

జూన్ మూడు పొద్దున. తుంపర అప్పుడే ఆగింది. పక్కబండి మొగుడూ పెళ్ళాం టీ కప్పులు పట్టుకుని మా బండి ముందు నిలబడ్డారు, వీడ్కోలు చెప్పడానికి. మీ బావ స్టీరింగు ముందు కూర్చుని తల బయటికి పెట్టి, "ఏమే, చీమలన్నీ లేచాయా?" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నేను అప్పటికే వెనక్కి వెళ్ళబోతున్నాను. నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఒక్క రోజు అనుకున్నాను. తలుపు దగ్గరే నిలబడి, వెనక్కి వెళ్ళకుండా, వంగకుండా, రేకు మీద రెండుసార్లు చరిచాను.

బండి కదిలింది. తడిసిన బరువైన దుప్పటి నేల మీద పడ్డట్టు చప్పుడు. ఒక్కసారి చరిచాను. ఆగింది. అప్పుడు వెళ్ళి చూశాను.

అవతలి పక్క నుంచి వచ్చి మూత బిగిస్తున్నాడు. నాకు మాట ఇచ్చాడుగా. చేతిలో పానా అలాగే ఉంది. నన్ను చూసి, "మూత బిగించేశానమ్మా" అన్నాడు. తర్వాత ఏం మాట్లాడలేదు. ఆ రోజే కాదు, ఇంక ఎప్పుడూ. పదకొండు రోజులు ఆ భవనంలో ఉన్నాడు. నీకు వీధులు బాగున్నాయని రాసిన రోజు పొద్దునే పోయాడు. ఏం రాయాలో తెలీక అలా రాశాను.

ఇంకొకటి నీకు దాచాను. మీ బావకి కళ్ళు లేవు. అంటే ఉన్నాయి, ఎదురుగా ఉన్నది మసగ్గా కనిపిస్తుంది, అక్షరాలు ఆనవు, పక్కలు చీకటి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట. అద్దాల దాకా చూపు పోదు. డాక్టరు రెండేళ్ళ కిందటే నడపొద్దన్నాడు. ఆయన ఆ రోజు ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు, మూడు రోజులు లేవలేదు. ఈ ప్రయాణం కోసమే ఆయన ఉద్యోగం అంతా చేశాడు చెల్లీ. నాకు మనసొప్పలేదు. లైసెన్సు పరీక్షకి రెండు రోజుల ముందు నేను ఆ కార్యాలయానికి వెళ్ళి, బయట బల్ల మీద కూర్చుని, తెరిచిన తలుపులోంచి గోడ మీది అక్షరాల అట్ట చూసి, ఒక్కో వరుసా చీటీ మీద దించుకున్నాను. ఏడు వరుసలు. చిన్నపిల్లాడికి ఎక్కాలు నేర్పినట్టు ఆయనకి నేర్పాను. తప్పు చెప్తే మళ్ళీ మొదటి నుంచి. నాలుగో తరగతి చదివినదాన్ని, జన్మలో ఒకరికి చదువు చెప్పానంటే అదే. గడగడా అప్పజెప్పాడు. పాస్ అని ముద్ర వేశారు. నేనే ఆయన కళ్ళు అనుకున్నాను. దారిలో బోర్డులు నేను చదువుతాను, వెనక నేను చూస్తాను, ఇంకేం కావాలి అనుకున్నాను.

పోలీసులు వచ్చారు. ఒక ఆఫీసరు, కుర్రాడేం కాదు, తల నెరిసినవాడు. నేను నోరు తెరిచేలోగా మీ బావ, "మా ఆవిడ లోపల గిన్నెలు సర్దుతోందండీ. నేను హారన్ కొట్టాను, అద్దంలో చూశాను, ఎవరూ లేరు. మెల్లగా వెనక్కి తీస్తుంటే అతనే వచ్చి కూర్చున్నాడు" అన్నాడు. నా వైపు చూడలేదు. రెండు దెబ్బలు విన్న మనిషి. నన్ను దాచడానికి అలా అన్నాడు. నేను ఊరుకున్నాను. బండి ముందు నిలబడ్డవాళ్ళకి నా చెయ్యి కనిపించలేదు. వాళ్ళు పోలీసులు రాకముందే వెళ్ళిపోయారు.

బస వాళ్ళు కూడా అదే రాసుకున్నారు. పనివాడు చెప్పకుండా కదిలే బండి వెనక దూరాడు, తప్పు అతనిదే అని. ఉద్యోగం కొడుకుది కాబట్టి తల్లిని గది ఖాళీ చెయ్యమన్నారు. ఆగస్టు ఆఖరు దాకా గడువు.

ఇప్పుడు వినవే. ఆ పదకొండు రోజులూ నేను ఆస్పత్రికి వెళ్ళేదాన్ని. దుప్పట్లామె వరండాలో కూర్చునేది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "మా వాడి వల్ల మీ ప్రయాణం పాడైందమ్మా. చెప్పకుండా వెళ్ళి బండి వెనక కూర్చుంటాడా ఎవరైనా? చిన్నప్పటి నుంచీ అంతే, ఏ పనికీ ముందు నోరు తెరిచి చెప్పడు. మీ ఆయన్ని మనసు కష్టపెట్టుకోవద్దనండి." నాకు క్షమాపణ చెప్పింది చెల్లీ. ఆమె పట్టుకున్నది నేను చరిచిన చెయ్యి.

పోయిన రోజు కూడా ఆమె కొడుకునే తిట్టుకుంది. "నీ తొందర నిన్ను తిన్నదిరా" అని. నేను పక్కనే ఉన్నాను.

అక్క

*

ఇల్లు
జులై 9

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ మరిదికి చూపించలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను.

ముందు కోపం వచ్చింది, దాచను. బావ కళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదే? అడిగాను కదా, కళ్ళజోడు మార్చాడా అని. అప్పుడు కూడా కాగితం డ్రాయర్లో ఉందన్నావు. తెలిస్తే ఆ మాట రాసేదాన్నా? నీతో హాస్యాలాడుతున్నాననుకున్నాను. బటన్లు కుడుతూ ఆ ఉత్తరం రాశాను అక్కా, మధ్యలో ఒకసారి నాలో నేనే నవ్వుకున్నాను కూడా. తల దువ్వుకోడానికా అన్న చోట.

ఇప్పుడు నేను చెప్పేది విను. నోరు తెరవకు. ఆయన పోయాడు, నువ్వు చెప్తే లేచి రాడు. బావ డెబ్భై రెండేళ్ళవాడు, సగం చూపు లేదు. అనుకోకుండా జరిగిందని ఏదో చిన్నగా తేల్చేస్తారు. నువ్వు చెప్తే ఏడు వరుసలూ బయటికి వస్తాయి. కళ్ళు కనపడవని తెలిసి నడిపాడంటారు, తెలిసి నడిపించావంటారు. ఇద్దర్నీ లోపల వేస్తారు. వేరు వేరు చోట్ల. ఆయనకి అన్నం కంచంలో ఎటుందో ఎవరు చెప్తారు? మెట్టు ఉందని ఎవరు చెప్తారు?

ఆ తల్లి మీద నాకు మాత్రం జాలి లేదా? కానీ నువ్వు నా అక్కవి, ఆమె కాదు. ఇది పాపమే అయితే నాకూ భాగముంది, నేను మోస్తాను. నా మే నెల ఉత్తరం చించి పొయ్యిలో పెట్టు. ఎవరికైనా దొరికితే నా పరువూ పోతుంది, ఇంకో పక్క కాన్పు.

బావని తీసుకుని ఇంటికి రా. కోడలికి రేపో మాపో నొప్పులు వస్తాయి. నువ్వొస్తే తన పక్కన నువ్వుంటావు, నాకు ధైర్యం. రా అక్కా. కాళ్ళు పట్టుకుంటాను.

నీ చెల్లి

*

నగరం, ఆస్పత్రి వెనక వీధి
జులై 25

చెల్లీ,

మనవరాలు పుట్టిందని అబ్బాయి ఫోను చేశాడు. ఎంత బరువుంది? ఏడుపు గట్టిగా ఉందా? కళ్ళకి పసుపు లేదు కదా? పొద్దుటి ఎండలో కాసేపు ఉంచండి, పొగ దగ్గర ఉంచకండి. కోడలికి జ్వరం రాకుండా చూడు. నువ్వు నిద్ర మానుకుంటే నీ చెవి మళ్ళీ పోటెత్తుతుంది.

నేను రాలేను. చెప్పేశాను.

నీ మాట విందామనే అనుకున్నాను. సంచి కూడా సర్దాను. పోలీసులు మమ్మల్ని వెళ్ళొద్దనలేదు, చిరునామా ఇచ్చి పొమ్మన్నారు. బయలుదేరే ముందు దుప్పట్లామెని ఒకసారి చూసి వద్దామని బసకి వెళ్ళాను. ఆమె తీగ దగ్గరే ఉంది. దుప్పటి పిండుతూ కొడుకుతో మాట్లాడుతోంది. నేను వెనక నిలబడ్డానని తెలీదు. "ఒక్క మాట అరిచి ఉంటే పోయేది కదరా. వెనకున్నానని ఒక్క మాట. దానికి కూడా బద్ధకమా?" అంటోంది. రోజూ ఇదేనట, కొట్టు గుమాస్తా చెప్పాడు. పొద్దున మొదలుపెట్టి దుప్పట్లు అయ్యేదాకా వాణ్ణి తిడుతూనే ఉంటుందట. పలకరించకుండా వచ్చేశాను.

గదికి వచ్చి మీ బావకి చెప్పాను, నేను వెళ్ళి నిజం చెప్తానని. ఎంత అరిచాడో! "నేను మోస్తానన్నాను కదే, మోయనీ. నీకు ప్రతిదీ వెనక్కి వెళ్ళి చూడాలి!" అన్నాడు. అని ఆగిపోయాడు. తనేమన్నాడో తనకే వినిపించింది. మంచం అంచు తడుముకుని కూర్చున్నాడు. నేను టీ పెట్టాను. గ్లాసు చేతికి అందిస్తే, "నువ్వు చరిచావు. నేను నడిపాను. కనపడదని తెలిసి నడిపాను. పక్కవాళ్ళ ముందు నిన్ను ఆట పట్టించింది కూడా నేనే. ఒక్కదానివే వెళ్ళి ఒప్పుకుంటావా? నన్ను వదిలేసి?" అన్నాడు. చొక్కా వెతికి ఇచ్చాను. తిరగేసి తొడుక్కున్నాడు, విప్పించి సరిచేశాను.

స్టేషను మెట్లు తొమ్మిది. నా భుజం పట్టుకుని ఎక్కాడు. ఆ తల నెరిసిన ఆఫీసరే ఉన్నాడు. నేను చెప్తుంటే రాసుకోకుండా విన్నాడు. "అమ్మా, రాస్తే ఇది మళ్ళీ తుడవడం కుదరదు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రండి" అన్నాడు. ఆలోచించే వచ్చానన్నాను. అప్పుడు మీ బావని, "పెద్దాయనా, గోడ మీద గడియారంలో టైమెంతయింది?" అని అడిగాడు. మీ బావ ఎదురుగానే చూస్తూ, "గోడ మీద గడియారం ఉందా అండీ?" అన్నాడు. ఆఫీసరు కలం తీశాడు.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు, ఎవరికీ చూపించలేదు. నీ పేరు ఎక్కడా రాలేదు. ఎందుకు వెనక్కి వెళ్ళలేదని ఆఫీసరు అడిగాడు. నలుగురూ నవ్వుతారని అన్నాను. అదే నిజం కూడా. నువ్వు భాగం అడిగావు, లేదు. చెయ్యి నాది. నువ్వు ఆ పిల్లని ఎత్తుకునేటప్పుడు ఇది తలచుకోకు.

సెప్టెంబరులో కోర్టుకి రమ్మన్నారు. ఏమవుతుందో తెలీదు. వేరు వేరు చోట్ల పెడితే ఎలా అన్నది నాకూ రోజంతా అదే బెంగ. ఇప్పటి నుంచే ఆయనకి నేర్పుతున్నాను, కంచంలో ఏది ఎటు, గ్లాసు ఎటు, మెట్లు ఎలా లెక్కపెట్టుకోవాలో. లైసెన్సు తీసేసుకున్నారు. బండి వాళ్ళ దగ్గరే ఉంది. బస వాళ్ళు రాసుకున్న కాగితం కూడా మార్చాలని ఆఫీసరు రాశాడు. ఆమె గది సంగతి అప్పటిదాకా ఆపమన్నారట. అంతవరకే తెలుసు.

ఆఫీసరే వెళ్ళి ఆమెకి చెప్పాడు. ఆ రోజు ఏ దుప్పటీ ఉతకలేదట. మర్నాడు కూడా లేదట. తొట్టిలో నానినవి అలాగే ఉంటే గుమాస్తానే పిండి ఆరేశాడట. నేను గుమాస్తా చేత కబురు పెట్టాను, వచ్చి కనిపించవచ్చా అని. ఆరు రోజులు జవాబు లేదు. పెద్ద అరుపులు అరిచి ఉంటే బాగుండుననిపించింది.

నిన్న గుమాస్తా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఆమె చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు. "ఇన్నాళ్ళూ మా వాణ్ణి ఎన్నెన్ని మాటలన్నానో ఆవిడకి వినిపించాలి. ఒక్కటి కూడా వదలకుండా చెప్తాను, కూర్చుని వినమనండి. ఆయన్ని తీసుకురావద్దనండి. ఏమీ తేవద్దనండి. ఆదివారం దుప్పట్లు ఉండవు, ఆ రోజు రమ్మనండి."

నాకు చాలా భయంగా ఉంది చెల్లీ. అయినా వెళ్తాను. గుమాస్తాని రెండుసార్లు అడిగి తారీఖు కాగితం మీద రాయించుకున్నాను. ఆగస్టు నాలుగు, ఆదివారం, పొద్దున పది గంటలకి.

అక్క